జక్కయ్య గుడికి వచ్చాడు

ఒరేయ్ ప్రకాశం,

వందనాలు. నీ ఉత్తరానికి ఇన్నాళ్లూ జవాబు లేదని తిట్టుకుంటూ ఉంటావు, ఏమనుకోకు. అమ్మాయి పదో తరగతి పరీక్షలు రాసింది. అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి. నాన్నకు వారానికి మూడుసార్లు డయాలసిస్, ఆరోగ్యశ్రీలో నడిచిపోతోంది. అసలు సంగతి విను: జక్కయ్య గుడికి వచ్చాడు!

అదే, మా చిన్నాన్న కొడుకు. బైబిల్లో యేసును చూడాలని చెట్టెక్కిన జక్కయ్య పేరు, సండే స్కూల్లో నువ్వే పెట్టావు వీడికి. జామచెట్టు, పాస్టరమ్మగారి చీపురు... నేను జామీను ఉన్న లోను ఎగ్గొట్టి ఊరొదిలి పోయాక వాడి మొహం చూస్తే ఒట్టు. వాయిదా మాత్రం నెలనెలా నా జీతంలోనే కోస్తున్నారు.

గుడ్ ఫ్రైడేకి, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల్లో నాకు మొదటిది చెప్పమని ఇచ్చారు. "తండ్రీ, వీరేమి చేయుచున్నారో వీరెరుగరు గనుక వీరిని క్షమించుము." "ఏలీ ఏలీ" అనే నాలుగో మాట ఎప్పట్లాగే పెద్దలు ముందే పట్టేసుకున్నారులే. గ్లాడిస్ స్టెయిన్స్ గారి గురించి సిద్ధపడి వెళ్లాను. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో, బండిలో నిద్రపోతున్న ఆమె భర్త గ్రాహమ్‌నూ, చిన్నపిల్లలు ఫిలిప్, తిమోతినీ తగలబెట్టారు కదా. ఆవిడ ఆ చంపినవాళ్లను క్షమించానంది, బారిపదలో కుష్ఠురోగుల సేవ మానలేదు, 2005లో పద్మశ్రీ ఇచ్చారు. సరిగ్గా "క్షమించానంది" అని నేను అంటుండగా వెనక తలుపు తెరుచుకుని వీడు! ఫ్యాను తిరగని ఆ చివరి బెంచీలో కూర్చున్నాడు. నా గొంతు ఎండిపోయింది. ఆడవాళ్ల వైపు నుంచి అమ్మ దగ్గింది, ఆ దగ్గు నీకు తెలుసుగా. అంత దాకా వెళ్లినవాణ్ణి మళ్లీ జనవరి నుంచి మొదలుపెట్టాను. "వాక్యం బాగా చెప్పావు బాబూ" అన్నాడు గంట తాతయ్య. ఆయనకు వినపడదనుకో.

ఆరాధన అయ్యాక దగ్గరికొచ్చాడు. ఎప్పటి నుంచో దాచుకున్న తిట్లన్నీ నాలుక మీదే ఉన్నాయి. బైబిల్లో జక్కయ్యలా నాలుగంతలు తిరిగివ్వొద్దురా, అసలు కట్టు చాలు అన్నది వాటిలో మొదటిది. వాడు "పెదనాన్న ఎలా ఉన్నాడన్నా?" అన్నాడు. నేనేమో "సోమవారం డయాలసిస్, ఎత్తి ఆటో ఎక్కించాలి, వస్తావా?" అన్నాను. ఆ మాట నా నోట ఎలా వచ్చిందో! వచ్చాడురా. నాన్న వాణ్ణి చూసి "జామకాయలు తెచ్చావా?" అన్నాడు. డబ్బు ఊసు వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

అంతా తీరిపోయిందనుకోకు. నిన్న జీతం మెసేజ్ చూడగానే మళ్లీ ఒళ్లు మండింది. యేసు ఏడు డెబ్బైల సార్లు క్షమించమన్నది కొత్త కొత్త తప్పుల గురించి అనుకునేవాణ్ణి. ఉన్న ఒక్క తప్పునే నెలనెలా క్షమించుకోవాల్సి వస్తోంది. ఆ బాకీ నువ్వే చూసుకో ప్రభువా అని అప్పజెప్పేశాను. అప్పజెప్పి, వసూలైందా అని రోజూ ఆయన్నే అడుగుతున్నాను, నవ్వకు. కానీ రాత్రిళ్లు నిద్ర పడుతోందిరా. నాన్న విషయం కూడా అలాగే వదిలేద్దామంటే... అది ఇప్పుడు రాయలేను.

డయాలసిస్ సెంటర్‌లోనే కూర్చుని రాస్తున్నాను. నర్సు పిలుస్తోంది, అయిపోయినట్టుంది. జక్కయ్య ఆటో తెస్తానన్నాడు, ఇంకా జాడ లేదు. ఉంటాను, ఫోన్ చెయ్యి.