హైకోర్టు ఆవరణలోని పాత దీపస్తంభం

సంపాదకులకు నమస్కారం.

చెన్నైలో లైట్‌హౌస్ అనగానే మెరీనా ఒడ్డున 1977లో వెలిగిన ఎరుపు, తెలుపు పట్టీల కట్టడమే అందరికీ గుర్తుకొస్తుంది. 2013 నుంచి సందర్శకులను పైకి అనుమతిస్తున్నారు కనుక అది సహజమే. అయితే అది నగరానికి నాలుగో దీపమనీ, రెండోది మద్రాసు హైకోర్టు ఆవరణలో రాతి స్తంభంగా నేటికీ నిలిచి ఉందనీ తెలిసినవారు తక్కువ.

చెన్నపట్నానికి ఒకప్పుడు రేవు లేదు. ఓడలు తీరానికి దూరంగా లంగరు వేస్తే, మేకులు లేకుండా కొబ్బరి పీచు తాళ్లతో కుట్టిన మసూలా పడవలు మనుషులనూ సరుకులనూ ఆ భీకరమైన అలలు దాటించి ఒడ్డుకు చేర్చేవి. అటువంటి తీరంలో 1796లో సెయింట్ జార్జి కోటలోని ఎక్స్ఛేంజి భవనం (నేటి కోట మ్యూజియం) పైకప్పు మీద కొబ్బరినూనె దీపాలతో మొదటి వెలుగు ఏర్పాటైంది. తరువాత మద్రాస్ ఇంజినీర్స్ అనే సైనిక ఇంజినీర్ల దళానికి చెందిన కెప్టెన్ జె. టి. స్మిత్ రూపకల్పన చేయగా, 1838లో పని మొదలైన డోరిక్ (ప్రాచీన గ్రీకు) శైలి స్తంభం 1844లో వెలిగింది. సున్నం, సిమెంట్లపై ఫ్రెంచి ఇంజినీరు వికా చేసిన పరిశోధనను ఇంగ్లీషులోకి తెచ్చినవాడు కూడా స్మిత్తే. 180 ఏళ్లు నిలిచిన ఆ రాతి కట్టును చూసినప్పుడల్లా నాకు ఆ సంగతే తోస్తుంది. 1894లో దీపాన్ని పక్కనే కొత్తగా లేచిన హైకోర్టు గోపురం మీదికి మార్చారు.

1954 జూలైలో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు ఏర్పడేదాకా కోస్తా, రాయలసీమ కక్షిదారులు అప్పీళ్ల కోసం ఈ ఆవరణకే వచ్చేవారు. నెల్లూరు నుంచి భూమి దావా మీద వచ్చిన మా తాతగారు, వకీలు కోసం ఈ స్తంభం నీడన కూర్చుని ఎదురుచూసేవాడినని చెప్పేవారు.

1914 సెప్టెంబరు 22 రాత్రి మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ యుద్ధనౌక ఎండెన్ నగరంపై జరిపిన దాడికి గుర్తుగా హైకోర్టు ప్రహరీ వద్ద ఫలకం ఉంది. సుమారు అరగంట సాగిన ఆ దాడిని గుర్తుంచుకున్న మనం, యాభై ఏళ్లు నావికులకు దారి చూపిన స్తంభాన్ని అంతకంటే ఎక్కువగా గుర్తుంచుకోవాలి. భద్రతా నిబంధనలకు భంగం కలగకుండా, కోర్టు సెలవు దినాల్లోనైనా సందర్శకులను స్తంభం వద్దకు అనుమతించాలనీ, నాలుగు దీపాల చరిత్రను తమిళం, ఇంగ్లీషులతో పాటు తెలుగులోనూ తెలిపే ఫలకాన్ని అక్కడ నిలపాలనీ సంబంధిత అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, చెన్నై