ఐరన్ మాత్రతో పాటు నాలుగు మాటలూ చెప్పండి

సంపాదకుడు గారికి,

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఐరన్ మాత్రలు చేరని వీధి ఉండదు. గర్భిణికి నాలుగో నెల నుంచి 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు ఎర్ర మాత్ర. బడిలో పెద్దపిల్లలకు వారానికొక నీలం మాత్ర. ఇవిగాక రక్తం తక్కువని డాక్టర్లు ముసలివాళ్లకు రాసేవి వేరే. మన ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉందని సర్వేలే చెబుతున్నాయి కాబట్టి పంపిణీని తప్పుపట్టను. మాత్ర చేతిలో పెట్టి, ఎట్లా మింగాలో చెప్పకుండా పంపేయడమే నాకు నచ్చనిది.

ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. ఒంటికి పట్టేది కొంతే. మిగిలింది పేగుల్లో ఉండిపోయి వికారం, మలబద్ధకం, కడుపునొప్పి తెస్తుంది. ఇది చాలామందికి అనుభవమే. అంతగా తెలియనిది ఇంకొకటుంది. మాత్ర అన్నవాహికలోనో కడుపులోనో ఒకచోట అతుక్కుని కరిగితే అక్కడి పొరను కాల్చి పుండు చేస్తుంది. ఎండోస్కోపీలో ముక్క తీసి పరీక్షిస్తే ఆ పొరలో ఇనుము రేణువులే కనిపిస్తాయి.

మా వీధిలో పక్షవాతంతో మంచం పట్టిన ఒక అవ్వకు కోడలు పడుకోబెట్టే, రెండు గుక్కల నీళ్లతో మాత్ర వేసేది. ఆ పిల్లను ఏమనగలం, అట్లా వేయొద్దని ఆమెకు చెప్పిందెవరు? ఛాతీలో మంట, ముద్ద దిగదు. గ్యాసేనని చాన్నాళ్లు గ్యాస్ మందే తాపించారు. చివరికి ఎండోస్కోపీ చేస్తే అన్నవాహికలో పుండు. మాత్ర మాన్పించి ద్రవమందుకు మార్చాక కుదుటపడింది.

ఈ గ్యాస్ మందుల సంగతీ చెప్పాలి. కడుపు మండుతోందంటే మందుల షాపులో ముందు చేతికొచ్చేది అదే. కడుపులో ఆమ్లం తగ్గితే ఇనుము ఒంటికి పట్టడమూ తగ్గుతుంది. ఇక మాది పాడి సీమ, ఏ మాత్రైనా పాలతో మింగడం అలవాటు. పాలు, టీ, కాల్షియం మాత్ర, ఏది తోడైనా ఇనుము సరిగా పట్టదు. మంటకు మంట మిగిలి, రక్తం పెరగక, ఆడవాళ్లు విసిగి మాత్రలు మూలకు పడేస్తున్నారు. రిజిస్టర్‌లో మాత్రం ఇచ్చినవన్నీ మింగినట్టే లెక్క.

జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారులు మాత్రలిచ్చే కవరు మీద పెద్ద తెలుగు అక్షరాలతో ఇవి అచ్చు వేయించాలి: కూర్చుని నిండు గ్లాసు నీళ్లతో మింగాలి, వెంటనే పడుకోకూడదు, పాలు, టీ, కాల్షియం మాత్రలకు రెండు గంటల ఎడం ఉండాలి, పసిపిల్లలకు అందనివ్వకూడదు. మలం నల్లబడితే మాత్ర వల్ల కావచ్చు గానీ, తారులా జిగటగా, దుర్వాసనతో వస్తే ఆసుపత్రికి పోవాలని కూడా రాయాలి. చదవలేని వాళ్లకు ఆశా కార్యకర్తలు నోటితో చెప్పాలి. ‘మాత్రలు వేసుకున్నావా అమ్మా’ అని అడిగేవాళ్లు ‘కడుపులో ఎట్లుంది’ అనీ అడిగి రాసుకోవాలి.

మంట అన్నవాళ్లను ‘అలవాటవుతుందిలే’ అని పంపేయకుండా డాక్టరుకు చూపించాలి. దినం మార్చి దినం వేసుకోవడం, ద్రవమందు, అవసరమైతే ఐరన్ ఇంజెక్షన్, ఏది తగునో ఆయన తేలుస్తారు. ఆ ద్రవమందు, ఇంజెక్షన్లు తిరుపతి పెద్దాసుపత్రుల దాకా పోకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనే దొరికేలా నిల్వ ఉంచాలని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, చంద్రగిరి