రాట్చెట్ స్పానర్ మీద దేశం పేరు కాదు, దాని తలకాయ విప్పి చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఈ మధ్య మీ పేపర్లో టూల్ కిట్ల గురించి ఒక వ్యాసం వేశారు, బాగానే ఉంది, కానీ అందులో ఇంపోర్టెడ్ రాట్చెట్ స్పానర్లు (ఒక పక్కకి తిప్పితే నట్టుని తిప్పి, వెనక్కి తిప్పితే ఊరికే టికటికమని వచ్చేవి), వాటికి తగిలించి నట్టు మీద పెట్టే సాకెట్లు ఒకసారి కొనుక్కుంటే ఇక జన్మంతా చూసుకోనక్కర్లేదు అన్నట్టు ఒక్క ముక్కలో తేల్చేశారు, అది చదివిన దగ్గర్నుంచి మనసు ఊరుకోక ఈ ఉత్తరం రాస్తున్నా. బండ్లు, మెషిన్లు విప్పి బిగించే పనిలో ఇరవై ఏళ్ళ పైనే ఉన్నాను. ఫారిన్ సరుకని నమ్మి కొని ఏడాది తిరక్కుండానే పక్కన పడేసినవి నా పెట్టెలో ఉన్నాయి, పేరు కూడా ఎప్పుడూ వినని డబ్బాలో వచ్చి ఇవాళ్టికీ రోజూ చేతిలో ఆడుతున్నవీ ఉన్నాయి.

అసలు ఇంపోర్టెడ్ అంటే ఏంటండీ, వేరే దేశంలో తయారై వచ్చింది అని, అంతే కదా. జర్మనీ వాళ్ళ స్టాల్‌విల్లె, హాజెట్ ఇంపోర్టెడే, జపాన్ వాళ్ళ కోకెన్, కేటీసీ ఇంపోర్టెడే, ఊరూ పేరూ లేకుండా ప్లాస్టిక్ పెట్టెలో వచ్చే వంద ముక్కల సెట్టు కూడా ఇంపోర్టెడే. తైవాన్ సంగతే తీసుకోండి, అక్కడ ఒక్కో ఫ్యాక్టరీ నాలుగైదు బ్రాండ్లకి సరుకు చేసి ఇస్తుంది, అమెరికా పేర్లు, యూరప్ పేర్లు కూడా వాటిలో ఉంటాయి. ఇది తెలిసినవాళ్ళు ఇంకో అడుగు ముందుకేసి రెండూ ఒకే ఫ్యాక్టరీవి, పైన పేరే తేడా, చవకది తీసుకో అంటారు. ఇది కూడా పొరపాటే. ఫ్యాక్టరీ ఒకటే కావచ్చు, కానీ ఆర్డర్ ఇచ్చినవాళ్ళు ఏ స్టీలు అడిగారు, హీట్ ట్రీట్‌మెంట్ (వేడి చేసి చల్లార్చి గట్టిపరచడం) ఎలా చెయ్యమన్నారు, కొలతలో ఎంత తేడా వరకు ఒప్పుకున్నారు, ఎన్ని ముక్కలకి ఒకటి తీసి టెస్ట్ చేయించారు, వీటిని బట్టి పక్కపక్క మెషిన్ల మీద నుంచి వచ్చిన సరుకు కూడా మారిపోతుంది, చూట్టానికి మాత్రం కవల పిల్లల్లా ఉంటాయి.

స్పానర్ మీద క్రోమ్ వెనేడియం అని అచ్చు ఉంటే చాలామంది అదే గ్యారంటీ అనుకుంటారు. అది స్టీలు రకం పేరు మాత్రమే. ఈ పనిముట్లకి వాడే 6150 అనే స్టీల్లో వెనేడియం కనీసం 0.15 శాతం, క్రోమియం దాదాపు ఒక శాతం, అదీ లెక్క. ఆ స్టీలుని ఎంత వేడి చేసి, ఎలా చల్లార్చి, మళ్ళీ ఎంత వేడికి తెచ్చారన్నదే అసలు విషయం. గట్టిదనం ఎక్కువైతే గాజులా పెళుసుగా చిట్లిపోతుంది, తక్కువైతే సాకెట్ నోరు సాగిపోయి నట్టు మూలలు తినేస్తుంది. ఈ హీట్ ట్రీట్‌మెంట్ బాగుందో లేదో షాపులో నిలబడి కంటితో చూసి ఎవరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను, అందుకే నేను స్టాండర్డ్ నంబరు వెతుకుతా. చేతి సాకెట్లకి జర్మనీ స్టాండర్డ్ డిన్ 3124, రాట్చెట్లకి డిన్ 3122, అంతర్జాతీయ స్టాండర్డ్ ఐఎస్ఓ 3315 అని ఉంటాయి, ఎంత టార్క్ (తిప్పే బలం) పెట్టి టెస్ట్ చెయ్యాలో వాటిలో ఉంటుంది. నంబరు అచ్చు వేసినంత మాత్రాన అబద్ధం ఉండదని కాదు, కానీ పేరున్న కంపెనీ ఆ నంబరు వేసిందంటే రేపు ఎవరైనా నిలదీస్తే జవాబు చెప్పుకోవాలి, నంబరే లేనివాళ్ళకి ఆ బెంగ లేదు.

ఇక రాట్చెట్ దగ్గరికి వస్తే అందరూ అడిగేది తలకాయ లోపలి చక్రానికి ఎన్ని పళ్ళు అని. లెక్క తేలికే, 360 ని పళ్ళ సంఖ్యతో భాగిస్తే ఒక్కో క్లిక్కుకి హ్యాండిల్ ఎంత కదలాలో వస్తుంది. 36 పళ్ళకి 10 డిగ్రీలు, 72 పళ్ళకి 5 డిగ్రీలు, 120 అయితే 3 డిగ్రీలు. ఇంజన్ వెనక చెయ్యి కూడా సరిగ్గా దూరని సందులో పడుకుని పని చేసేవాళ్ళకి ఆ 10 కి 5 కి మధ్య తేడా ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది, ఒప్పుకుంటా. కానీ పళ్ళు ఎక్కువైతే ఒక్కో పన్ను చిన్నదవుతుంది, అప్పుడు ఆ పళ్ళని పట్టి ఆపే నాలుక లాంటి ముక్క ఒకటి లోపల ఉంటుంది చూశారా, అది ఒకేసారి ఎన్ని పళ్ళని పట్టుకుంటుందన్న దాని మీదే బలం అంతా ఆధారపడుతుంది. బాగా చేసినవాటిలో ఆ నాలుకకి కూడా వరసగా పళ్ళు ఉండి చక్రంలో ఆరేడు పళ్ళతో ఒకేసారి కలుస్తాయి, నాసిరకంలో రెండు మూడు పళ్ళ అంచులు మాత్రమే తగుల్తాయి. కొంతమంది 60 పళ్ళ చక్రానికి రెండు నాలుకలు పెట్టి ఒకటి పట్టినప్పుడు ఇంకోటి సగం పన్ను వెనక ఉండేలా అమర్చి 120 అని రాస్తారు. క్లిక్కు నిజంగానే 3 డిగ్రీలకి వస్తుంది, పన్ను పెద్దదిగానే ఉంటుంది, కానీ ఒక సమయంలో బరువంతా ఒక్క నాలుక మీదే పడుతుంది. కాబట్టి డబ్బా మీద నంబరు పెద్దగా ఉందని ఒక్కసారిగా మురిసిపోకండి.

నేను ఎక్కడ కొన్నా ముందు చేసే పని ఒకటుంది, మీ పాఠకులు కూడా చేసి చూడాలి. రాట్చెట్‌కి ఒక సాకెట్ తగిలించి, ఆ సాకెట్‌ని రెండు వేళ్ళతో మాత్రం లైట్‌గా పట్టుకుని, హ్యాండిల్‌ని వెనక్కి తిప్పాలి. సాకెట్ వేళ్ళ మధ్య కదలకుండా ఉండి హ్యాండిల్ ఒక్కటే టికటికమని వెనక్కి వస్తే మంచిది. సాకెట్ కూడా వేళ్ళలోంచి జారి వెనక్కి తిరిగితే, పనిలో నట్టు కాస్త వదులైన తర్వాత ఇది పనికిరాదు, ఎందుకంటే ముందుకి తిప్పినంత మళ్ళీ వెనక్కి తిప్పేస్తుంది, నట్టు అక్కడే ఊగుతూ ఉంటుంది, చివరికి చేత్తోనే తిప్పుకోవాలి. ఆ తర్వాత స్విచ్‌ని అటూ ఇటూ పదిసార్లు వెయ్యండి, మధ్యలో ఎక్కడా ఆగకూడదు, దానంతట అది జారకూడదు. గట్టిగా బిగించేటప్పుడు ఆ స్విచ్ జారిందంటే చెయ్యి వెళ్ళి ఏ ఇనప అంచుకో తగుల్తుంది, నా కుడిచేతి పిడికిలి మీద రెండు మచ్చలు అలా వచ్చినవే.

ఒకసారి నా దగ్గర రెండు రాట్చెట్లు పక్కపక్కన పెట్టుకుని తలకాయలు విప్పాను. ఒకదానికి వెనక చిన్న స్క్రూలు రెండు ఉన్నాయి, విప్పితే ప్లేటు వచ్చేసింది, లోపల చక్రం, నాలుక, వెంట్రుకంత స్ప్రింగు, చిన్న బాల్, అంతే. గ్రీజు నల్లగా అయింది కానీ పళ్ళ అంచులు చూస్తే గోరు తగిలితే ఆగేంత పదునుగా ఉన్నాయి. కిరోసిన్‌తో కడిగి, పల్చటి నూనె రాసి మూసేశాను, కొత్తదానిలా తిరిగింది. రెండోదానికి స్క్రూలు లేవు, రివిట్ కొట్టేసి ఉంది, గ్రైండర్ పెట్టి తియ్యాల్సి వచ్చింది. లోపల నాలుకకి ఒక పక్క పళ్ళు గుండ్రంగా అరిగి మెరుస్తున్నాయి, చక్రంలో లోహం పొడి గ్రీజుతో కలిసి బూడిద రంగు ముద్దలా ఉంది, అంటే స్టీలు మెత్తగా ఉండి తనని తానే తినేసుకుంది. బయట క్రోమ్ మాత్రం రెండోదే బాగా మెరిసేది. అప్పట్నుంచి తలకాయ విప్పుకునే వీలు ఉందా, నాలుకా స్ప్రింగూ విడిగా రిపేర్ కిట్ దొరుకుతుందా అని చూడకుండా నేను రాట్చెట్ కొనలేదు, స్క్రూ అయినా సరే సర్క్లిప్ అనే స్ప్రింగు రింగు అయినా సరే, మళ్ళీ బిగించుకోగలిగితే చాలు.

సాకెట్లకి నోరు చూడాలి. వెలుతురుకి ఎత్తిపట్టి చూస్తే ఆరు మూలల రంధ్రం సరిగ్గా మధ్యలో ఉండాలి, గోడ ఒక పక్క మందంగా ఒక పక్క పల్చగా ఉంటే పల్చటి పక్కే ముందు చీలుతుంది. నోటి దగ్గర లోపలికి వాలుగా చెక్కుతారు, నట్టు తేలిగ్గా దూరడానికి, ఆ వాలు లోతుగా ఉంటే పల్చటి తల ఉన్న బోల్టుకి అసలు పట్టు దొరకదు, పైకి లేచి జారిపోతుంది. మామూలు వాడకానికి పన్నెండు మూలల కంటే ఆరు మూలలదే నా ఓటు, తుప్పు పట్టిన నట్టుకైతే మరీను. మంచి సాకెట్లలో లోపలి మూలలు గుండ్రంగా తీసి, బలం నట్టు మూల మీద కాకుండా పక్క గోడ మీద పడేలా చేస్తారు, స్నాప్-ఆన్ వాళ్ళు ఫ్లాంక్ డ్రైవ్ అంటారు దీన్ని, ఇప్పుడు వేరే వేరే పేర్లతో చాలామంది చేస్తున్నారు. మూలలు అరిగిపోని నట్టు మళ్ళీ పదిసార్లు విప్పుకోవచ్చు.

మెరిసే క్రోమ్ సాకెట్లని, దెబ్బలు కొడుతూ నట్లు విప్పే ఇంపాక్ట్ గన్‌కి పెట్టొద్దని ప్రతి మెకానిక్‌కీ చెప్తారు, నాకూ చెప్పారు, నేను వినలేదు. పని తొందరలో 19 నంబరు (అంటే 19 మిల్లీమీటర్ల నట్టుకి సరిపోయే) క్రోమ్ సాకెట్ తగిలించి బండి చక్రం నట్లు విప్పుతుంటే మూడో నట్టు దగ్గర టప్‌మని చీలి, ముక్క గ్లవ్ కోసుకుని బొటనవేలి కిందకి దిగింది. గన్‌కి పెట్టేవి వేరు, క్రోమ్ మాలిబ్డినంతో, మందం గోడలతో, నల్లటి రంగులో వస్తాయి, దెబ్బ తగిలితే ముక్కలు కాకుండా కాస్త ఓర్చుకుంటాయి. సెట్టు అమ్మేవాళ్ళు అన్నీ ఒకే డబ్బాలో పెట్టి అన్నిటికీ పనికొస్తాయంటే నమ్మకండి. క్రోమ్ పూత లేస్తుంటే కూడా ఆ ముక్కని పక్కన పెట్టేయండి, ఆ పెచ్చు బ్లేడులా చర్మం కోస్తుంది.

రింగుకే రాట్చెట్ ఉండే స్పానర్ల గురించి ఒక్క మాట చెప్పాలి. అవి నట్టుని తిప్పి తియ్యడానికే కానీ బిగుసుకుపోయినదాన్ని మొదటిసారి కదపడానికి కాదు, ముఖ్యంగా 8, 10 నంబర్ల లాంటి చిన్నవి. ముందు మామూలు రింగు స్పానర్‌తో కదిపి, వదులయ్యాక దీన్ని పెట్టండి. చాలామంది దీని మీద పైపు తొడిగి గుంజి పళ్ళు విరగ్గొట్టుకుని సరుకు బాలేదు అంటారు. ఇంకోటి, రాట్చెట్ రింగు తల మామూలు రింగు కంటే లావుగా ఉంటుంది, మీకు కావలసిన సందులోకి అసలు దూరుతుందో లేదో కొనేముందే ఊహించుకోండి.

ముక్కల సంఖ్య చూసి మోసపోవద్దని కూడా గట్టిగా చెప్తున్నా. 108 ముక్కల సెట్టులో చాలాసార్లు సగం దాకా స్క్రూడ్రైవర్ బిట్లే ఉంటాయి, అవసరమైన నంబరు ఒక్కోసారి ఉండదు. జపాన్ బండ్లకి 10, 12, 14, 17, జర్మనీ బండ్లకి 10, 13, 16, 18 ఎక్కువ పడతాయి, మీ చేతిలో ఉన్న బండికి ఏం కావాలో ముందు రాసుకోండి. ఇంచుల సాకెట్లు కూడా కలిపి లెక్క పెంచుతారు, వాటిలో ముప్పావు ఇంచు అంటే 19.05 మిల్లీమీటర్లు, 19 తో దాదాపు ఒకటే కాబట్టి సరిపోతుంది, కానీ అర ఇంచు అంటే 12.7, దాని నట్టుకి 13 నంబరు పెడితే మూలలు గుండ్రమైపోతాయి.

విలువ అంటే ఎంత పెట్టాం అన్నది కాదు, ఎన్నిసార్లు వాడతాం, పాడైతే ఎవరు చూస్తారు అన్నది. లైఫ్‌టైమ్ వారంటీ అని రాసి ఉంటుంది, కానీ పాడైన ముక్కని సముద్రం అవతలికి పంపాలంటే ఆ పంపే ఖర్చుకే కొత్తది వస్తుంది, ఇక్కడే మార్చి ఇచ్చేవాళ్ళు ఉంటేనే ఆ వారంటీకి అర్థం. లోపలి చక్రం, నాలుక అరుగుదలకి వారంటీ వర్తించదని చిన్న అక్షరాల్లో రాసే కంపెనీలు కూడా ఉన్నాయి, అడిగి తెలుసుకోండి. రోజూ వాడేవాళ్ళు రాట్చెట్ ఒక్కటి, రోజూ చేతిలోకి వచ్చే నాలుగైదు సాకెట్లు మంచివి కొనుక్కుని మిగతావి మధ్యరకంతో సరిపెట్టుకోవచ్చు, నేను అలాగే చేశాను. ఏడాదికి రెండుసార్లు విప్పేవాళ్ళకి తైవాన్ నుంచి వచ్చే మధ్యరకం చాలా బాగా సరిపోతుంది, జర్మనీదే కావాలని అప్పు చెయ్యక్కర్లేదు.

ఎడిటర్ గారూ, ఈసారి టూల్స్ గురించి రాసేటప్పుడు ఫోటో పక్కన ఏ దేశం నుంచి వచ్చిందో కాకుండా పళ్ళు ఎన్ని, తలకాయ విప్పుకోవచ్చా, ఏ స్టాండర్డ్ నంబరు ఉంది, రిపేర్ కిట్ దొరుకుతుందా అనే నాలుగు వివరాలు వెయ్యమని మీ రిపోర్టర్ గారికి చెప్పండి. వీలైతే తలకాయ విప్పిన ఫోటో ఒకటి కూడా వెయ్యండి, నాలుక మీద పళ్ళు కనపడేలా దగ్గర్నుంచి తీసింది.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక మెకానిక్