ఈ రాత్రి ఎక్కడ పడుకుంటారు? – సభ్యులకు వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. నివేదిక ఆలస్యమైంది, తప్పు కార్యదర్శిగా నాదే. జమాఖర్చులు విడిగా పంపాం కాబట్టి ఇక్కడ డబ్బు సంగతి ఎత్తను.

ఏడాది మొదట్లో మన ఆలోచన ఒక్కటే, ఇంట్లో హింస పడుతున్నవాళ్లకి కౌన్సెలింగ్ ఇప్పించాలని. వచ్చినవాళ్లు గంటసేపు మాట్లాడి, కళ్లు తుడుచుకుని, మళ్లీ అదే ఇంటికి వెళ్లేవారు. ఎందుకంటే ఆ రాత్రి తల దాచుకోవడానికి వేరే చోటు లేదు. ఇంత చిన్న విషయం అర్థం కావడానికి మనకి నెలలు పట్టింది! ఇప్పుడు మన ఫోన్ ఎత్తినవాళ్లు "ఏం జరిగింది" అని మొదలుపెట్టరు, "ఈ రాత్రి ఎక్కడ పడుకుంటారు" అని అడుగుతారు.

ఇల్లు లేనివాళ్లంటే మనకి ఫుట్‌పాత్ మీద పడుకునేవాళ్లే గుర్తొస్తారు. వీళ్లు అలా కనిపించరు. అక్క ఇంట్లో వారం, స్నేహితురాలి ఇంట్లో పది రోజులు, చేతిలో పిల్లల బట్టల సంచి, "ఇంకెన్నాళ్లు" అని ఎవరైనా అనేలోపే వెళ్లిపోవాలన్న టెన్షన్. అద్దెకి తీసుకుందామంటే అడ్వాన్సు కట్టడానికి డబ్బుండదు, బ్యాంకు కార్డు భర్త దగ్గరుంటుంది, ఉద్యోగం ఆయనే ఎప్పుడో మాన్పించాడు. చాలామంది విషయంలో చెయ్యెత్తడానికి ముందే ఇదంతా జరిగిపోయి ఉంటుంది.

ఇదేదో కొద్దిమంది గొడవ అనుకునేవాళ్ల కోసం: ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన అంచనా ప్రకారం ప్రతి ముగ్గురు స్త్రీలలో దాదాపు ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు శారీరక లేదా లైంగిక హింసకి గురయ్యారు, అందులో ఎక్కువ భాగం భాగస్వామి చేతిలోనే. మగవాళ్లూ బాధితులవుతారు, వాళ్లు ఫోన్ చేసినా అదే ప్రశ్న, అదే సాయం.

మానసిక ఆరోగ్యం మీద పెట్టిన శిక్షణకి వచ్చింది కొద్దిమందే, రానివాళ్లు నష్టపోయారు. తలుపు చప్పుడుకి ఉలిక్కిపడటం, నిద్ర లేకపోవడం, ఏది ఎప్పుడు జరిగిందో వరసగా చెప్పలేకపోవడం... ఇవి చూసి "ఈవిడ మాట పొంతన లేదు" అని మనవాళ్లే అనుకున్న సందర్భాలున్నాయి. కొట్టినవాడికి కావలసిందీ అదే, "దానికి మతి సరిగా లేదు" అని ఊరంతా చెప్పుకోవచ్చు. ఏళ్ల తరబడి హింస పడ్డవాళ్లలో కనిపించే ఈ స్థితిని 2022 నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణలో కాంప్లెక్స్ పీటీఎస్‌డీ (పడ్డ హింస మనసులో మిగిల్చే జబ్బు) అని విడిగా గుర్తించారు. స్థిరమైన చోటు లేకపోతే మందులు, డాక్టరు అపాయింట్‌మెంట్లు అన్నీ తప్పిపోతాయి, ఆరోగ్యం కుదుటపడకపోతే ఉద్యోగం నిలవదు, ఉద్యోగం లేనివాళ్లకి ఇల్లు ఎవరిస్తారు?

ఒక పెద్ద పొరపాటు కూడా చెప్పాలి. ఒక సభ్యుడు మంచి ఉద్దేశంతోనే మన తాత్కాలిక వసతి గది ఫొటో వాట్సాప్ గ్రూప్‌లో పెట్టారు, గుమ్మం, వీధి కనిపించేలా. వెంటనే తీయించాం, అందులో ఉన్నవాళ్లని ఆ రాత్రే వేరే చోటికి మార్చాం. ఆ ఫొటో చూసి కొట్టినవాడు వెతుక్కుంటూ రావచ్చు, ఇల్లు వదిలి వచ్చేసిన తర్వాతి రోజులే అన్నిటికన్నా ప్రమాదకరం. అందుకే ఇకనుంచి ఫొటోలు, లొకేషన్లు గ్రూప్‌లో పెట్టడం పూర్తిగా బంద్.

రాత్రి ఫోన్ డ్యూటీకి మనుషులు చాలడం లేదు. వారానికి ఒక్క రాత్రి ఇవ్వగలిగినా నాకు చెప్పండి, శిక్షణ మళ్లీ పెడతాం.