హసన్‌కేయ్ఫ్ వెళ్తున్నావని తెలిసి

చిట్టితల్లీ,

సెలవుల్లో టర్కీలోనే బాట్మాన్ వైపు వెళ్తున్నామని, హసన్‌కేయ్ఫ్‌లో పడవ ఎక్కుతామని అంకారా నుంచి మెసేజ్ పెట్టావు కదా, ఆ పేరు చూసిన దగ్గర్నుంచి నా మనసు మనసులో లేదు. నువ్వు పడవలో తిరగబోయే నీళ్ల కింద ఒక ఊరుంది తల్లీ. శ్రీశైలం డ్యామ్ నీళ్లలో మన ఊరు మునిగినప్పటి నుంచి ఇలాంటి ఊళ్ల గురించి ఎక్కడ కనపడినా చదువుతూనే ఉన్నాను.

టైగ్రిస్ నది ఒడ్డున కొండని తొలిచిన గుహలు, పైన కోట. అరబ్బులు దాన్ని హిస్న్ కైఫా అన్నారు, రాతి కోట అని. 12వ శతాబ్దంలో అర్తుకిద్ రాజులు అక్కడ నది మీద పెద్ద రాతి వంతెన కట్టారు. తర్వాత అయ్యూబీ వంశం వాళ్లు వచ్చారు, 1409లో వాళ్లు కట్టిన మసీదు మినారు చాలా అందంగా ఉంటుంది. ఆ తర్వాత అక్‌కొయున్లు అనే తుర్క్‌మెన్ వంశం వాళ్లు, ఆపైన ఒట్టోమన్లు. ఇంత చరిత్ర ఉన్న ఊరు రిపబ్లిక్ వచ్చాక మార్దిన్ ప్రావిన్సులో గెర్జూష్ కింద ఒక చిన్న ఉపవిభాగంగా మిగిలింది. 1990లో బాట్మాన్‌ని కొత్త ప్రావిన్సు చేసినప్పుడు గానీ దీనికి ఇల్చె హోదా, అంటే జిల్లాలాంటిది, రాలేదు.

నువ్వు చదివేది పరిపాలన కాబట్టి ఇది గమనించు. ఇల్చెకి పైనుంచి ప్రభుత్వం నియమించే అధికారి కాయ్మకామ్, మన సబ్ కలెక్టర్‌లా అనుకో. పట్టణానికి మేయర్‌నీ, పల్లెకి ముహ్తార్‌నీ మాత్రం జనమే ఎన్నుకుంటారు, అయిదేళ్లకోసారి. కానీ ఊరు ఉంటుందా మునుగుతుందా అన్నది వీళ్లెవరి చేతుల్లోనూ లేదు. టైగ్రిస్ మీద, ఊరికి దిగువన ఇలుసు డ్యామ్ కడతామన్నది అంకారాలోని ప్రభుత్వం. 2009లో జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ తమ రుణ హామీలు వెనక్కి తీసుకున్నా పని ఆగలేదు.

మన ఊరు ఖాళీ చేయించింది 1981లో, నాకప్పుడు పదకొండేళ్లు. సరిగ్గా అదే ఏడాది హసన్‌కేయ్ఫ్‌ని రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. రక్షిత ప్రాంతమే మునిగింది! 2019 జులైలో రిజర్వాయరు నింపడం మొదలుపెట్టారు, మరుసటి ఏడాదికల్లా పాత బజారు, వీధులు, వంతెన స్తంభాలు నీళ్లలో కలిసిపోయాయి.

కొన్నింటిని తరలించారులే. 1473లో యుద్ధంలో చనిపోయిన అక్‌కొయున్లు రాకుమారుడు జెయ్నెల్ బే సమాధి మందిరాన్ని, సుమారు 1,100 టన్నుల బరువున్నదాన్ని, 2017లో విడదీయకుండా చక్రాల బండి మీద కొత్త చోటికి చేర్చారు. మన దగ్గర కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు కదా, ఇది ఇంకో పద్ధతి. జనాన్ని నదికి అవతల రెండు మూడు కిలోమీటర్ల దూరంలో కొత్తగా కట్టిన హసన్‌కేయ్ఫ్‌కి పంపారు. అక్కడి వాళ్లు తమ వాళ్ల సమాధులు కూడా తవ్వి తీసుకెళ్లారని చదివినప్పుడు చాలాసేపు ఏమీ తోచలేదు. మేం మా తాతని మన ఊళ్లోనే వదిలి వచ్చేశాం. వేసవిలో నీళ్లు తగ్గి సంగమేశ్వరం గుడి (అలంపురానికి తరలించినది కాదు, ఇది వేరే గుడి) బయటపడ్డ ప్రతిసారీ మీ నానమ్మ మన గడప ఎక్కడుందో చూపించమని అడిగేది, నేను చూపించలేకపోయేవాడిని.

డ్యామ్‌లు వద్దని నేననను, ఆ నీళ్లతోనే కదా ఎన్నో పొలాలు పండుతున్నాయి, ఎన్నో ఇళ్లలో దీపాలు వెలుగుతున్నాయి. కానీ ఆ కొత్త ఊళ్లో నీకు టీ పోసే పెద్దాయనతో రెండు నిమిషాలు కూర్చో. పాత ఇల్లు ఎటువైపు ఉండేదో అడుగు. చెయ్యి చాపి నీళ్లలోకి చూపిస్తాడు. ఆయన చూపించినవైపు ఒక ఫోటో తీసి నాకు పంపు తల్లీ, పడవ ఫోటో తర్వాత పంపొచ్చు.

అక్కడ సాయంత్రాలు చల్లగా ఉంటాయేమో, స్వెట్టర్ మర్చిపోకు.

నాన్న