హెర్2 పాజిటివ్ అంటే వంశపారంపర్యం కాదు

సంపాదకుడి గారికి,

రొమ్ము క్యాన్సర్ మందుల గురించి పత్రికల్లో వార్త వచ్చినప్పుడల్లా "హెర్2 జన్యువు వల్ల వచ్చే క్యాన్సర్" అని ఒక ముక్క రాసి వదిలేస్తున్నారు. (హెర్2 అంటే కణం పైపొరలో ఉండే ఒక ప్రోటీన్, దాన్ని తయారుచేసే జన్యువు పేరూ అదే. కణితిలో అది మరీ ఎక్కువగా ఉంటే హెర్2 పాజిటివ్ అంటారు.) జన్యువు అని చదవగానే జనం అనుకునేది ఒకటే, ఇది అమ్మ నుంచి కూతురికి వచ్చేదని. బయాప్సీ రిపోర్టులో హెర్2 పాజిటివ్ అని చూసి తనకంటే ముందు పిల్లల గురించి టెన్షన్ పడే తల్లులు ఉంటారు. నిజానికి హెర్2 పెరగడం దాదాపు ఎప్పుడూ పుట్టుకతో వచ్చింది కాదు, ఆ కణితిలోని కణాల్లో తర్వాత జరిగిన మార్పు. వారసత్వంగా రాగలిగేవి బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 లాంటి జన్యువుల్లోని లోపాలు. (కుటుంబంలో చాలామందికి ఉంటే డాక్టర్‌ని అడగాల్సిందే, అది వేరే సంగతి.) ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం మానండి.

అసలు విషయం అర్థం కావాలంటే కణం పైపొర దగ్గర మొదలుపెట్టాలి, పత్రికలు ఎప్పుడూ దాటేసేది అదే. ఆ పొరలో గ్రాహకాలు, అంటే రిసెప్టర్లు, సగం బయటికి సగం లోపలికి ఉంటాయి. ఈజీఎఫ్ అనే పెరుగుదల ప్రోటీన్ వచ్చి బయటి భాగాన్ని పట్టుకోగానే రెండు గ్రాహకాలు జతకడతాయి, లోపలి తోకలకు ఒకదానికొకటి ఫాస్ఫేట్లు తగిలించుకుంటాయి, అక్కడి నుంచి కబురు రాస్, రాఫ్, మెక్, ఎర్క్ అనే ప్రోటీన్ల మీదుగా చేతులు మారుతుంది. చివరిదైన ఎర్క్ కేంద్రకంలోకి వెళ్లి డీఎన్‌ఏ మీద కూర్చున్న ప్రోటీన్లను కదిలిస్తే, అప్పటిదాకా దాదాపు ఊరుకున్న ఫాస్ లాంటి జన్యువులు నిమిషాల్లో పని మొదలుపెడతాయి. డీఎన్‌ఏలో ఒక్క అక్షరం కూడా మారలేదు, ఈజీఎఫ్ కేంద్రకం దాకా వెళ్లనక్కర్లేదు. గుమ్మం బయట నిలబడి ఇంట్లోవాళ్ల చేత పని చేయించినట్టన్నమాట. ఈజీఎఫ్‌ను కనుగొన్న స్టాన్లీ కోహెన్‌కు 1986లో నోబెల్ వచ్చింది కాబట్టి ఇదేం నిన్నమొన్నటి సంగతి కూడా కాదు.

అన్ని గ్రాహకాలూ ఇదే దారిలో పోవు. నాచ్ అనే గ్రాహకమైతే తన లోపలి ముక్క తెగిపోయి, ఆ ముక్కే కేంద్రకంలోకి వెళ్తుంది!

హెర్2 కూడా ఈజీఎఫ్ గ్రాహకం కుటుంబంలోదే, కాకపోతే దాన్ని తట్టిలేపే ప్రోటీన్ ఏదీ ఇంతవరకు దొరకలేదు. మామూలు కణంలో దాని జన్యువు కాపీలు రెండే ఉంటాయి. కణితిలో ఆ కాపీలు బాగా పెరిగితే పైపొర నిండా హెర్2 కిక్కిరిసిపోయి, ఎవరూ పిలవకుండానే జతకట్టి, పెరగమని కేంద్రకానికి కబుర్లు పంపుతూనే ఉంటుంది. ల్యాబ్‌లో రంగు వేసి చూసినప్పుడు కణాల చుట్టూ ముదురు గోధుమరంగు గీత పూర్తిగా కనిపిస్తే 3+ అంటారు, అది పాజిటివ్. 2+ వస్తే తేల్చలేరు కాబట్టి ఫిష్ పరీక్షలో కేంద్రకంలోని కాపీలను లెక్కపెడతారు. పరీక్షించేది కణితి ముక్కని, రక్తసంబంధాన్ని కాదు.

మందు సంగతీ అంతే. 1998లో అమెరికాలో అనుమతి వచ్చిన ట్రాస్టుజుమాబ్ హెర్2 బయటి భాగానికి అతుక్కుని పనిచేసే యాంటీబాడీ. దాన్ని "జన్యువును సరిచేసే మందు" అని రాస్తే అది శుద్ధ తప్పు, పైగా లేనిపోని ఆశ పెట్టడం.

ఇకపై ఇలాంటి వార్త వేసేటప్పుడు రెండు వాక్యాలు చేర్చండి: ఆ మార్పు పుట్టుకతో వచ్చిందా, కణితిలో వచ్చిందా, మందు కణంలో ఎక్కడ పట్టుకుంటుంది. అచ్చుకు పంపే ముందు ఒక క్యాన్సర్ డాక్టర్‌కో పాథాలజిస్టుకో చూపించండి, పది నిమిషాల పని.

ఇట్లు,
ఒక పాఠకురాలు