అరికాలు కూడా చూడండి

సంపాదకులకు నమస్కారం.

వేసవి రాగానే చర్మ క్యాన్సర్ గురించి వచ్చే వ్యాసాలు చాలావరకు సన్‌స్క్రీన్‌తో మొదలై సన్‌స్క్రీన్‌తోనే ముగుస్తాయి. తెల్లచర్మం వారికి అది సరైన సలహాయే. 2020లో ప్రపంచం మొత్తం మీద 15 లక్షలకు పైగా చర్మ క్యాన్సర్లు బయటపడ్డాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆస్ట్రేలియాలో ముగ్గురిలో ఇద్దరికి 70 ఏళ్లు నిండేలోగా ఏదో ఒక రకం వస్తుంది కనుకనే అక్కడ 1981 నుంచీ చొక్కా, టోపీ, సన్‌స్క్రీన్ వాడమని ప్రచారం చేస్తున్నారు. మన చర్మానికి రంగునిచ్చే మెలనిన్ అనే పదార్థం వల్ల మనకు ఈ జబ్బు చాలా తక్కువ. తక్కువ కాబట్టే ఎవరికీ అనుమానం రాదు, పైగా అది మనకు వచ్చే చోట్లు వేరు.

మా మేనత్తకు మడమ పక్కన కందిగింజంత నల్లమచ్చ వచ్చింది. ఆనెకాయ అనుకుని బ్లేడుతో చెక్కించుకుంది, పట్టీలు వేసుకుంది. ఏడాదికి అది పుండై నీరు కారసాగింది. ఆమెకు షుగర్ ఉంది కాబట్టి ఒక ఆసుపత్రిలో షుగర్ పుండన్నారు, నెలల తరబడి కట్లు కట్టారు. ముక్క పరీక్ష (బయాప్సీ) చేయించేసరికి గజ్జల్లో బిళ్లలు కట్టి ఉన్నాయి. అది మెలనోమా అనే చర్మ క్యాన్సర్. అరికాళ్లలో, అరచేతుల్లో, గోళ్ల కింద వచ్చే ఈ రకానికి ఎండతో సంబంధం లేదు. జమైకా గాయకుడు బాబ్ మార్లేకు కాలివేలి గోరు కింద వచ్చినదీ ఇదే, ఆయన 1981లో 36 ఏళ్లకే చనిపోయారు.

శస్త్రచికిత్స వార్డులో పనిచేసిన రోజుల్లో నేను ఎక్కువగా బాధపడింది పాత కాలిన గాయాల గురించి. చిన్నప్పుడు కిరసనాయిలు స్టవ్ మంటకు మోకాలి వెనుక కాలి, చర్మం ముడుచుకుపోయి, నడిచినప్పుడల్లా చిట్లి మానుతూ ఉండే మచ్చ 20, 30 ఏళ్లకు క్యాన్సర్‌గా మారవచ్చు. ఇలాంటి పుండ్లను ఫ్రెంచి శస్త్రవైద్యుడు మార్జొలిన్ 1828లోనే వర్ణించారు. లోతుగా కాలిన చోట సకాలంలో తొడ చర్మం తీసి అతికిస్తే ఈ ముప్పు చాలావరకు తప్పుతుంది. పసరులు పూసి, అదే మానుతుందని ఇంట్లో ఉంచుకోవడం వల్లనే చాలామంది కాళ్లు పోగొట్టుకున్నారు.

పుట్టుకతోనే చర్మంలో రంగు లేని పిల్లలకు మాత్రం ఎండే అసలు ప్రమాదం. వారిని బడిలో ఎండలో డ్రిల్లుకు నిలబెట్టవద్దు, పొడుగు చేతుల చొక్కా, టోపీ లేకుండా బయటకు పంపవద్దు.

ఇప్పుడు బీపీ, షుగర్ చూడడానికి ఇంటింటికీ వచ్చే ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల గురించి కూడా వాకబు చేస్తున్నారు. అదే సమయంలో చెప్పులు విప్పించి అరికాళ్లు, గోళ్లు చూడాలని, పాత కాలిన మచ్చ మీద నెల దాటినా మానని పుండు ఉందేమో అడగాలని, ఉంటే ముక్క పరీక్షకు పంపాలని రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలూ ఆదేశించాలని కోరుతున్నాను.

— ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు, తెనాలి